పత్తి చెట్టు లేని దీవి

మొన్న సంక్రాంతికి లండన్ నుంచి వచ్చిన మా బిడ్డ కొడుకు నాకో ఉన్ని స్వెట్టర్ తెచ్చాడు. బట్ట చేతికొస్తే ముందు లోపలి లేబుల్ చదవడం నాకు చిన్నప్పటి అలవాటు. చదివితే, మేడిన్ మారిషస్ అని ఉంది. "మారిషస్ సంగతి ఏమన్న ఎరుకేనారా?" అని అడిగాను. "బీచ్‌లుంటయి తాతా. హనీమూన్‌కు పోతరు" అన్నాడు. పెద్ద చదువు చదివిన పిల్లవాడు. నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు.

మా రోజుల్లో దేశాలను బీచ్‌లతో గుర్తుపెట్టుకోలేదు. అక్కడేం పండుతుంది, ఏం అమ్ముకుంటారు, ఏం కొనుక్కుంటారు? ఈ మూడూ చెప్పలేని పిల్లవాణ్ణి నేను పటం దగ్గర నుంచి కదలనిచ్చేవాణ్ణి కాదు. వరంగల్ చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా సాంఘికశాస్త్రం చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1960లలో, మారిషస్ పాఠమంతా ఒక్క మాటలో ఉండేది: చెరకు. మన పాత వరంగల్ జిల్లాలో ఆరో వంతుండే దీవి. ఎగుమతుల్లో పదింట తొమ్మిది పాళ్లకు పైగా చక్కెరే. తుఫాను వస్తే ఆ ఏడు పంట పోయినట్టే. తినే బియ్యం ఓడలో రావాలి, కట్టే బట్ట ఓడలో రావాలి. 1834లో మొదలైన కూలీల వలసలో ఆ చెరకు తోటలకు మన తెలుగువాళ్లూ పోయారు. కోరంగి రేవులో ఓడ ఎక్కారు కాబట్టి అక్కడ కోరంగీలనే పేరు పడింది. ఉగాదికి ఇప్పటికీ ఆ దేశంలో సర్కారీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే.

ఆ దీవి బాగుపడటం చాలా కష్టమని 1961లో జేమ్స్ మీడ్ రాశాడు. తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త ఆయన. జనం ఎక్కువ, నేల తక్కువ, పంట ఒక్కటే అని లెక్కగట్టాడు.

అదే కాలంలో మా వరంగల్ ఎట్లా ఉండేదో చెప్పాలి. మా నాయిన ఆజంజాహి మిల్లులో నేత పని చేసేవాడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు. సైరన్ కూతను బట్టి మా వాడలో పొయ్యి వెలిగేది, పిల్లలు బడికి బయల్దేరేవాళ్లు. ఒక గేటులో పత్తి పోతే అదే ప్రాంగణంలో దారమై, బట్టై బయటికొచ్చేది. నాయిన బట్టను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి ఎన్నో నంబరు దారమో చెప్పేవాడు. నా చిన్నతనంలో మేమూ ఒక దీవిలోనే ఉండేవాళ్లం. నాలుగు దిక్కులా నేలే కానీ, నిజాం రాజ్యం ఎల్ల దాటితే కరోడ్‌గిరి నాకాలో సుంకం కట్టాలి. జేబులో ఉండేది నిజాం నాణెం, హాలీ సిక్కా. అంత చిన్న లోకంలోనూ పత్తి మనదే, దారం మనదే, బట్టా మనదే.

ఇక ఆ దీవి చేసిన పని చూడండి. 1968లో స్వాతంత్య్రం వచ్చింది. 1970లో ఎగుమతి మండలం చట్టం తెచ్చారు. గోడ కట్టి ఒక మూల పెట్టిన మండలం కాదు, దీవిలో ఎక్కడ ఫ్యాక్టరీ పెట్టినా వర్తిస్తుంది. బయటికి అమ్మే సరుకు చేసేవాడికి యంత్రాల మీద, దారం మీద దిగుమతి సుంకం లేదు. హాంకాంగ్ వాళ్లు పెట్టుబడితో దిగారు. 1975 లోమే ఒప్పందంతో యూరప్ సుంకం లేకుండా తలుపు తీసింది. చక్కెర ధర పెరిగిన ఏళ్లలో మిగిలిన డబ్బును అక్కడి తోటల యజమానులు కుట్టు ఫ్యాక్టరీల్లో పెట్టారు. 1980ల నడుమ చక్కెరను బట్టలు దాటేశాయి. 90 వేల మంది దాకా పని, అందులో ఎక్కువ మంది ఆడవాళ్లు. పత్తి చేను లేదు, ఉన్నిచ్చే గొర్రెల మందలు లేవు. అయినా ప్రపంచానికి స్వెట్టర్లు అమ్మిన దేశాల్లో ముందు వరసలో నిలబడింది.

సుంకం ఇంతే, అంతకు మించి తీసుకోం అని ముందే చెబితే వర్తకుడు ధైర్యంగా వస్తాడు. ఈ సంగతి ఓరుగల్లుకు కొత్త కాదు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకు లాక్కునేవారనీ, తాను ముప్పయ్యో వంతు సుంకం మాత్రం తీసుకుని మిగిలింది వదిలేస్తాననీ దీవుల నుంచి వచ్చే వర్తకులకు అభయమిచ్చాడు. ఆ రాజు కొలువున్న ఊళ్లో నేను పాఠాలు చెప్పాను.

మరి మన దగ్గరేమైంది? మిల్లు మూతపడింది. ఆ నేల ప్లాట్లయింది. ఏనుమాముల మార్కెట్‌కు ఇప్పటికీ పత్తి కుప్పలు కుప్పలుగా వస్తుంది. జిన్నింగ్ అయ్యాక బేళ్లుగా తమిళనాడుకో గుజరాత్‌కో పోతుంది. చొక్కాగా తిరిగొస్తే మనం హన్మకొండ చౌరస్తాలో కొనుక్కుంటాం. ముడి సరుకు పంపి తయారు సరుకు కొనుక్కోవడం, ఇదే కదా మా పాత పాఠంలోని చెరకు దీవి బతుకు! నాకు ఇక్కడే కడుపు మండుతుంది.

ఆ దీవికీ దెబ్బలు తగల్లేదని కాదు. 2005 జనవరిలో ప్రపంచ వస్త్ర కోటాలు ఎత్తేశాక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వేల మంది ఆడవాళ్ల పని పోయింది. అయితే వాళ్లు అక్కడే కూలబడలేదు. చేపల డబ్బాలు, పర్యాటకం, బ్యాంకులు అంటూ ఇంకో దారి వెతుక్కున్నారు. తిండికి మాత్రం ఇప్పటికీ ఓడ వైపే చూడాలి. 2023లో మనం తెల్ల బియ్యం ఎగుమతి ఆపినప్పుడు మారిషస్‌కు ప్రత్యేకంగా 14,000 టన్నులు అనుమతించాం.

ఇక మన వైపు, గీసుగొండ, సంగెం దగ్గర 2017లో టెక్స్‌టైల్ పార్కుకు పునాది వేశారు. కొరియా కంపెనీ ఒకటి వచ్చింది. మంచిదే, రానీ. మా కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1851లోనే లండన్ మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు పరిచిన ఊరు మాది. కానీ ఆ మగ్గం ముందు ఇవాళ కూర్చునేది నా వయసు వాళ్లే. వాళ్ల పిల్లల్లో ఒక్కడైనా రావాలంటే నెల తిరిగేసరికి చేతిలో పడే కూలి మారాలి.

మనవడు తిరిగి లండన్ వెళ్లేటప్పుడు ఒక్క పని అప్పగించాను. అక్కడి దుకాణాల్లో వరంగల్ జంపఖానా ఎక్కడైనా కనిపిస్తే, తిరగేసి దాని లేబుల్ ఫొటో తీసి పంపమన్నాను. "సరే తాతా" అన్నాడు. ఇంకా పంపలేదు.