వైండింగ్ అంగడి పలకకు టీకా, తాత్పర్యం, కొంత వివాదం

మూలం

మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగు వరకు అంగడి మూసి ఉండును.
మోటారు వరండాలో దించి, చీటీ మీద పేరు రాసి పోవలెను.
ఆదివారం సెలవు.
గుంటల మోటార్లకు మాత్రం రేయింబవళ్లు ఫోన్ చేయవచ్చును.

అవతారిక

ఇది చిట్టమూరు చతుష్పది. కర్త పేరు పలక మీద లేదు. వృత్తి చేత కాలిపోయిన మోటార్లకు కొత్త కాయిల్ చుట్టే మెకానిక్ అని మాత్రం పలక కింద పడి ఉన్న స్టేటర్లను బట్టి తెలుస్తున్నది. ఆధారం రేకు పలక, లిపి నల్ల పెయింటు. నాలుగో పాదం ఒక్కటే ఎర్ర పెయింటు. దాని గొడవ తర్వాత.

కాలనిర్ణయం. పలక అడుగున జిల్లా పేరు ‘శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు’ అని ఉన్నది. నెల్లూరు జిల్లాకు ఆ పేరు పెట్టింది 2008లో. చిట్టమూరు మండలం తిరుపతి జిల్లాలోకి పోయింది 2022 ఏప్రిల్ 4న. కాబట్టి కృతి ఈ రెంటికీ నడుమ పుట్టిందని కొందరి వాదం. జిల్లా మారిందని పెయింటు డబ్బా కొన్న అంగడివాడు లోకంలో లేడు గనక ఈ వాదం నిలవదు. ‘మీదే జిల్లా?’ అని ఇప్పటికీ అడగండి, నెల్లూరనే అంటారు.

మల్లినాథసూరి మూలం దాటి అడుగు వేయని వ్యాఖ్యాత. ఈ వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు. పలక ముందు నిలబడితే లోపలి గదిలోకి కూడా చూపు పోతుంది.

ప్రథమ పాదం

మధ్యాహ్నం = ఎండ నడినెత్తిన ఉండగా; ఒకటిన్నర నుంచి = రెండోసారి ‘అన్నం చల్లారిపోతోంది’ అని కేక వినబడినది మొదలు; నాలుగు వరకు = టీ నీళ్లు తాగేదాకా; అంగడి = ఇంటిలో ఇల్లు కాని భాగము; మూసి ఉండును = మూసి ఉన్నట్లు కనబడును.

ఇక్కడ కర్తృపదం గమనించాలి. మూసి ఉండేది అంగడి. మనిషి సంగతి పాదంలో లేదు. ఇది మన మెకానిక్ ఒక్కడి ఎత్తుగడ కాదు, చట్టం కూడా ఇలాగే మాట్లాడుతుంది. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం దుకాణం వారానికో రోజు మూసి ఉండాలన్నది, ఆ రోజేదో పలక మీద రాసి అందరికీ కనబడేటట్లు పెట్టమన్నది. జీతగాడికి పని గంటల హద్దు కూడా పెట్టింది. యజమానీ తనే, జీతగాడూ తనే అయినవాడి గంటలు ఎవరు లెక్కపెడతారు? షట్టరుకు సెలవిచ్చిన శాసనం షట్టరు దించినవాడి జోలికి రాలేదు.

ఒకటిన్నరే ఎందుకు? ఆకలి చేత అని చెప్పుకోవడం స్థూలార్థం. సూక్ష్మార్థం వార్నిష్‌లో ఉంది. కాలిన మోటారు వస్తే పాత కాయిల్ పెరికి, గాళ్లు శుభ్రం చేసి, కాగితం పెట్టి, కొత్త రాగి తీగ చుట్టి, కొసలు కలిపి, వార్నిష్ పోస్తారు. ఆ వార్నిష్ గట్టిగా ఆరితే తప్ప మోటారుకు కరెంటు ఇవ్వకూడదు. పొద్దున పని మొదలుపెడితే మధ్యాహ్నానికి ఒకటో రెండో స్టేటర్లు ఎండకు పెట్టే దశకు వస్తాయి. పక్కన మనిషి కూర్చున్నాడని వార్నిష్ తొందరగా ఆరదు. పని తనంతట తాను ఆగే చోటు కనిపెట్టి మెకానిక్ తన భోజనాన్ని అక్కడ పెట్టుకున్నాడు. ఈ పాదంలోని చమత్కారమంతా అదే. అర్థంకాని వాళ్లు ‘రెండున్నర గంటల నిద్రా!’ అని మూతి తిప్పుతారు. నిద్ర ఉంటే అరగంట. మిగతాది కంచం ముందు, పిల్లవాడి లెక్కల పుస్తకం ముందు, నాయుడుపేటకు ఫోన్ చేసి రాగి తీగ ధర అడిగి నిట్టూర్చడంలో పోతుంది.

పాఠాంతరం. ‘భోజనానికి వెళ్లాను, ఇప్పుడే వస్తాను’ అని ఈ దారిలోనే మరో అంగడి మీద అట్టముక్క వేలాడుతుంటుంది. ఆ పాఠం గ్రాహ్యం కాదు. ‘ఇప్పుడే’ అన్నమాటకు కొలత లేదు. వచ్చినవాడు నిలబడతాడు, తినేవాడు పరుగెత్తుతాడు. వాడికి పని కాదు, వీడికి అన్నం అరగదు. నాలుగు అని అంకె రాస్తే వచ్చినవాడు చిట్టమూరులో మిగతా పనులు చూసుకుని నాలుక్కే వస్తాడు. ఖాతాదారుకు మర్యాద చేసేది ఈ అంకే. ‘ఇప్పుడే’ అన్నది వినడానికి వినయంగా ఉంటుంది, చేసేది మాత్రం అవమానం.

ద్వితీయ పాదం

ఈ పాదం చేతిరాత వేరు. అక్షరాలు గుండ్రంగా, తలకట్లు సమంగా, గీత మీద నిలిచి ఉన్నాయి. పొదుపు సంఘం మినిట్స్ పుస్తకంలో తీర్మానాలు రాసి రాసి స్థిరపడిన చెయ్యి ఇదని లిపిజ్ఞుల మతం. నెల్లూరు జిల్లాలో ఈ చేతిరాతకు చరిత్ర ఉంది. దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్ల మీదికి కదిలింది 1992లో. దాని వెనకే రోజుకో రూపాయి దాచే పొదుపు ఉద్యమం జిల్లా అంతా పాకింది. సంఘం పెట్టినాక లెక్క రాయాలి, లెక్క రాయాలంటే అక్షరం కుదరాలి. ‘రాసి పోవలెను’ అన్న క్రియాపదంలో సంఘం అధ్యక్షురాలి గొంతు స్పష్టంగా వినబడుతున్నది. మెకానిక్ అయితే ‘పెట్టి పోన్నా’ అని ఊరుకునేవాడు.

భావం: మోటారు అప్పగించడానికి మనిషి ఎదురుగా ఉండనక్కరలేదు. చీటీ మీద పేరు, ఊరు, ఎన్ని హెచ్‌పీ, ఎలా కాలింది రాసి దారంతో మోటారుకు కట్టిపోతే వరస ఏర్పడుతుంది. ఆ వరస ప్రకారం నాలుగు తర్వాత పని మొదలవుతుంది. ఈ పాదం లేకపోతే మొదటి పాదం ఒక వారం కూడా నిలబడేది కాదు. మోటారు మోసుకొచ్చినవాడు ఇంటి వెనక్కి పోయి ‘వదినా, అన్న ఉండాడా’ అని పిలిచేవాడు. వదిన అన్నం వడ్డించే చేత్తో మోటారు దించుకోవాల్సి వచ్చేది. భర్త విశ్రాంతికి భార్య కాపలా కాయడం అనే పురాతన పద్ధతిని ఒక చీటీ, ఒక దారం రద్దు చేశాయి. మూలంలో ఆమె పేరు లేదు. లాభంలో ఆమె వాటా ఏ పుస్తకంలోనూ లేదు. పలకలో రెండో పాదం ఆమెది. ఈ కృతిలో తెలివైన పాదం ఏదని అడిగితే ఈ వ్యాఖ్యాత తడుముకోడు.

పూర్వపక్షం. ‘అంగడి మూస్తే గిరాకీ నాయుడుపేటకు పోతుంది కదా?’ పోదు. అయిదు హెచ్‌పీ మోటారును ఆటోలో వేసి ఊళ్లు తిప్పడం ఎవరికీ సరదా కాదు. అదీగాక వైండింగ్ నిమిషంలో అయ్యే పని కాదు. ఒంటిగంటకు తెచ్చినా నాలుగింటికి తెచ్చినా చేతికి వచ్చేది మర్నాడే. కాబట్టి రెండున్నర గంటల మూతకు నష్టం సున్న. నష్టం వస్తుందనే భయం మాత్రం అంగడి పెట్టిన ప్రతివాడికీ పెట్టుబడితోపాటే వస్తుంది, వడ్డీ కూడా దానికే ఎక్కువ.

తృతీయ పాదం

స్పష్టం. వ్యాఖ్య అక్కరలేదు. బామ్మర్దులు వచ్చే రోజు గనక వంటింటికి ఇది సెలవు కాదని ఒక్క మాట చేర్చి ముందుకు పోదాం.

చతుర్థ పాదం

ఇదీ కఠిన భాగం. ఎర్ర పెయింటుతో ఉన్నందున ఇది ప్రక్షిప్తమనీ, మొదటి మూడు పాదాలు కట్టిన గోడకు ఎవరో గునపం వేసి కన్నం పెట్టారనీ ఆక్షేపం. నిజమే, పగలు రెండున్నర గంటలు దాచుకుని రాత్రంతా ఫోనుకు అప్పజెప్పడం ఏం లెక్క?

గుంటల = రొయ్యల గుంటల. ‘చెరువుల మోటార్లకు’ అన్నది భీమవరం పాఠం. నెల్లూరు తీరాన చెరువంటే వరికి నీళ్లిచ్చేది, రొయ్యలది గుంటే. మోటార్లకు = నీళ్లు చిలికే ఏరేటర్ల మోటార్లకు. మాత్రం = ఈ ఒక్కదానికే, మరి దేనికీ కాదు. రేయింబవళ్లు = ముఖ్యంగా తెల్లవారుజామున.

తెల్లవారుజాము ఎందుకంటే, గుంటలో నీటి పచ్చదనం పగలు ఎండకు ప్రాణవాయువు పుట్టిస్తుంది. చీకటి పడితే ఆ పచ్చదనం కూడా రొయ్యలతోపాటు వాయువును పీల్చేదే, పుట్టించేది కాదు. రాత్రి గడిచేకొద్దీ నిలవ తరుగుతూ పోయి, తెల్లారబోయే ముందు అట్టడుగుకు చేరుతుంది. ఆ వేళకే ఏరేటర్లు తిరుగుతుండాలి. 2009లో వనామి రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక గుంటల్లో పిల్లల సాంద్రత పెరిగింది. చదరపు మీటరుకు 60కి మించరాదని నిబంధన పెట్టాల్సినంతగా. ఇంత మంద ఉన్న గుంటలో లైను మీద ఒక ఫేజు పోయి మోటార్లు కాలితే, రొయ్యలు నీటిపైకి తేలుతాయి. నెలల మేత, అప్పు, ఆశ అంతా తెల్లారేలోపు తెల్లబడి గట్టుకు కొట్టుకొస్తుంది. ఇక్కడ ‘రేపు రాండి’ అనడానికి రేపు లేదు.

కనుక ఈ పాదం ఆపద్ధర్మం. అయినా ఆపద్ధర్మానికి హద్దు ఉంటేనే ధర్మం; ఆ హద్దు ‘మాత్రం’ అన్న అవ్యయం. ఏది ఆపదో రాసిపెట్టినాడు గనక, రాయనిదేదీ ఆపద కాదని కూడా రాసినట్లే. రంగు వేరైనా ఈ పాదం కర్తదే. మిగతా మూడు పాదాలు దీని వల్లనే బతుకుతున్నాయి. ఏ మినహాయింపూ లేని పలకను మొదటి రాత్రే ఎవరో ఒకరు ఏడుస్తూ వచ్చి తెరిపిస్తారు. ఆ తర్వాత ఏడవనివాళ్లు కూడా తెరిపిస్తారు.

అపార్థం చేసుకునేవాళ్లు లేకపోలేదు. ‘గంగలో పల్లె’ అంటే గంగ గట్టున పల్లె అని లక్షణార్థం చెప్పుకోవాలని శాస్త్రం. అదే న్యాయం పట్టుకుని, రాత్రి తొమ్మిదింటికి మిక్సీ కాలిన పెద్దమనిషి ఒకరు ‘మాది గుంట పక్కనే కదన్నా, ఇదీ గుంట మోటారే’ అన్నారని వినికిడి. అలంకారశాస్త్రం చదవకుండానే ఇంతదూరం రాగలిగినందుకు ఆయనను మెచ్చుకోవాలి. మిక్సీ మాత్రం మర్నాడు వరసలోనే చేశారు.

మరొక పూర్వపక్షం సముద్రం దాటి వచ్చింది. పని వేళ అయిపోయాక ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కును ఫ్రాన్సు 2017 జనవరి 1 నుంచి చట్టంలో పెట్టింది, 50 మందికి పైబడిన సంస్థల్లో యాజమాన్యం ఉద్యోగులతో దాని మీద మాట్లాడుకోవాలన్నది. ‘మనకూ అటువంటిది ఉంటే?’ ఉంటే మెకానిక్ తన మీద తానే ఫిర్యాదు చేయాలి, సంజాయిషీ తానే రాయాలి, జరిమానా ఎడం జేబులోంచి కుడి జేబుకు మార్చాలి. చిట్టమూరుకు కావలసింది ఫోన్ ఎత్తని హక్కు కాదు, అవతలివాడు ఫోన్ చేసే ముందు పలక చదివే అలవాటు. అది ఏ చట్టమూ ఇవ్వదు. పక్కింటివాడు కూడా మోటారు వరండాలో దించి చీటీ రాసి పోవడం చూసి వస్తుంది.

విశేషం

‘వ్యాపారమంటే ఒళ్లు దాచుకోకూడదు’ అనేవారికి ఇదే మండలంలోని మల్లంలో గట్టి ప్రమాణం ఉంది. అక్కడ దొరికిన పల్లవ కంపవర్మ 20వ పాలనా సంవత్సరపు శాసనం ఒక భక్తుణ్ని గురించి చెబుతుంది. భట్టారి అమ్మవారికి ఒంట్లో తొమ్మిది చోట్ల మాంసం కోసి ఇచ్చి, చివరికి తల ఇచ్చాడు. అందుకు మెచ్చి భూమి దానం చేశారు. నిద్ర, భోజనం, నడుము, కళ్లు, బిడ్డ పుట్టినరోజు అని అంగడికి వరసగా కోసి ఇచ్చేవాళ్లకు ఆయనే కులగురువు. ఒక్క తేడా ఉంది. ఆ భక్తుడికి మరునాడు పొద్దున షట్టరు ఎత్తే పని లేదు.

శేషం

రెండో పాదం పక్కన బొగ్గుతో ‘చీటీలు ఉండాయి, పెన్సిల్ లేదు’ అని ఒక పంక్తి కనబడుతున్నది. ఇది మూలం కాదు, ఖాతాదారుల వార్తికం. దీనికి కారణం విచారించగా, పెన్సిల్‌ను మెకానిక్ తన చేతికి అందిన వైండింగ్ తీగతోనే మేకుకు కట్టాడు. రాగి ధర ఉన్న ధర. పెన్సిల్ మీద ఆశ లేనివాళ్లు కూడా తీగ కోసం దాన్ని పట్టుకుపోయారు. అల్యూమినియం తీగతో కట్టి ఉండాల్సిందని ఒక పక్షం, అసలు బొగ్గే మేలని మరొక పక్షం. రెండో పాదపు కర్త్రి ఏ పక్షం వినకుండా వల అల్లే నైలాన్ దారంతో కొత్త పెన్సిల్ కట్టింది. ముడి చూస్తే వాకాడు వైపు పుట్టిల్లని తెలుస్తున్నది.