కటకటలాడే కీళ్లకు కాలనీ వైద్యం

ఈ చిట్కాలు కీళ్లవాతం ఉన్నవాళ్ల కోసం. అంటే డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని నోరు తిరగని పేరు పెట్టిన జబ్బు కోసం. రాయించినది మేం, మీ కాలనీ పెద్దలం. మాలో ఎవరికీ ఆ జబ్బు లేదు. అందుకే నిష్పక్షపాతంగా చెప్పగలుగుతున్నాం.

మొట్టమొదటి సూత్రం, చప్పుడును మాత్రమే పట్టించుకోవాలి. సత్యనారాయణ వ్రతం అయ్యాక పీట మీంచి లేస్తారు కదా, అప్పుడు కుడి మోకాలు ‘టక్’మంటుంది. ఎడమది ఊరుకోక ‘కర్ర్’మని సాగదీస్తుంది. పంతులుగారు చదువుతున్నది ఆపి అటు చూస్తారు. వెనక కూర్చున్న పెద్దమ్మ ‘గుజ్జు అయిపోయిందమ్మా నీకు’ అని తీర్పు చెప్పేస్తుంది. తీర్థం పంచేలోపు ఆ గదిలో పదిమంది వైద్యులు పుట్టుకొస్తారు. అదే మీ చూపుడువేలి మొదట్లో కణుపు ఉబ్బి, మెత్తగా, వెచ్చగా ఉందనుకోండి, ఎవరికి వినబడుతుంది? వాపుకి నోరు లేదు. నోరు లేనిదాన్ని మన దగ్గర ఎవరూ లెక్కచెయ్యరు, మీరూ చెయ్యకండి.

రుమటాలజిస్టుల తీరు వేరు. మీ రెండు చేతులూ బల్ల మీద పెట్టించి, తమ బొటనవేలి గోరు తెల్లబడేంత గట్టిగా ఒక్కో కణుపునూ నొక్కుతారు. వేళ్లు, మణికట్లు, మోచేతులు, భుజాలు, మోకాళ్లు అన్నీ కలిపి 28 కీళ్లు. ఎన్ని వాచాయో, ఎన్ని నొప్పెడుతున్నాయో రాసుకుంటారు. దానికి ఇ.ఎస్.ఆర్. గానీ సి.ఆర్.పి. గానీ రక్తపరీక్షలో వచ్చిన అంకె కలుపుతారు. ‘మొత్తమ్మీద మీకెలా ఉంది, వందకు ఎంత వేస్తారు?’ అని మిమ్మల్నే అడిగి అదీ కలిపి, జబ్బు ఏ జోరులో ఉందో లెక్క తేలుస్తారు. ఇంత లెక్కలో మోకాలి చప్పుడుకు ఒక్క మార్కు లేదు! అన్నేళ్లు చదివారే గానీ వినడం నేర్చుకోలేదు.

మా సిద్ధాంతం తేలిక. కీలంటే తలుపు బందు లాంటిది. కిర్రుమంటే నూనె వెయ్యాలి. అందుకని రాత్రిపూట ఆముదం వెచ్చచేసి మోకాళ్లకు పట్టించండి. అది చర్మం దాటి, కండ దాటి, కీలు సంచిలోకి ఎలా దిగుతుందని అడిగేవాళ్లకు పట్టించకండి. డాక్టర్ల కథ ఇంకోలా ఉంటుంది. నొప్పి లేకుండా టక్కుమనేది చాలావరకు కీలులోని ద్రవంలో వాయువు చేసే బుడగ తంతేనట, దానివల్ల నష్టం లేదట. కొన్నిసార్లు కండరాన్ని ఎముకకు కట్టే తాడు గట్టు మీంచి జారినప్పుడూ చప్పుడొస్తుందట. కీళ్లవాతంలో అసలు గొడవ లోపలి పొర దగ్గరట. ఒంటికి కాపలా కాయాల్సిన రక్షణ వ్యవస్థే ఆ పొర మీద పడుతుంది, పొర వాస్తుంది, వాచిన పొర మృదులాస్థినీ ఎముక అంచునూ కొరుకుతుంది. అలా కొన్నేళ్లు నడిచాక మృదులాస్థి గరుకుదేరితే, మోకాలి మీద చెయ్యి పెట్టి కాలు ముడిచినప్పుడు కరకర తెలుస్తుందట. అంటే వాళ్ల లెక్కన వాపు ముందు, కరకర చివర. మీరు మాత్రం చివరిదాని కోసమే ఆగండి.

మెటికలు విరిస్తే వాతం వస్తుందని అమ్మలు అనడం ఉత్తదేనని ఒకాయన తేల్చాడు. కాలిఫోర్నియా డాక్టరు డొనాల్డ్ అంగర్. తల్లి, పిన్నమ్మలు, పెళ్లయ్యాక అత్తగారు కూడా అదే మాట అంటుంటే పట్టుదల పుట్టి, అరవయ్యేళ్లపాటు ఎడమచేతి మెటికలే విరిచి కుడిచేతివి ముట్టుకోలేదు. చివరికి రెండు చేతుల్లోనూ వాతం లేదు. 2009లో ఆయనకు ఇగ్ నోబెల్ ఇచ్చారు. ఒక్క మనిషి, రెండు చేతులు, అదేం ఋజువండీ? ఎవరి బావమరిదికో ఒక్క పసరుతో తగ్గిందంటే నమ్మొచ్చు.

ఇక పొద్దుటి సంగతి. తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వెయ్యాలంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి చిటికెడు పట్టాలి, పట్టిన పిండి సన్నగా జారాలి. వాతమున్న చెయ్యి ఐదింటికి ఆ చిటికె పట్టదు. వేళ్లు దగ్గరకొస్తాయి గానీ కలవవు. కలిపేసరికి పిండి కుప్పగా పడుతుంది, చుక్క కాస్తా అప్పచ్చి అవుతుంది. డికాక్షన్ ఫిల్టరు మూత తిరగదు, గ్యాస్ లైటరు నొక్కుడు పడదు, నిన్న ఎక్కిన గాజు ఇవాళ కణుపు దాటదు. ఆ బిగుసుదనం గంట దాకా, ఒక్కోసారి రెండు గంటల దాకా ఉండి, పని చేస్తున్నకొద్దీ సడలి, తొమ్మిదింటికి అదే చెయ్యి చక్కగా ఉల్లిపాయలు తరుగుతుంది. అరుగుదల మోకాలికి ఇది తిరగబడుతుంది. వాడితే నొప్పి, కూర్చుంటే సుఖం. రెండింటికీ తేడా పట్టేది ఇక్కడే కాబట్టి ఈ ముక్క డాక్టరుకు చెప్పొద్దు. అపాయింట్‌మెంట్ మధ్యాహ్నం పన్నెండింటికి తీసుకోండి. ఉబ్బిన వేళ్లను పొద్దున ఫోనులో ఫొటో తీసి చూపించమని ఎవరైనా అంటే, గ్యాలరీ నిండిపోయిందనండి.

వయసు విషయానికొద్దాం. ముప్పై నాలుగేళ్ల కోడలు ‘వేళ్లు పట్టేస్తున్నాయి అత్తయ్యా’ అంటే, ‘నీ వయసులో నేను బావిలో నీళ్లు తోడేదాన్ని’ అనడం మొదటి మోతాదు. ఈ జబ్బు మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. అందుకే ఇంటిపని, అత్తగారు, మనసు, బరువు ఇలా కారణాలు సులువుగా దొరుకుతాయి. అవేవీ కుదరకపోతే చికున్‌గున్యా ఉండనే ఉంది. 2006లో అది ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసి, జ్వరం పోయినా కీళ్లనొప్పుల్ని కొందరికి నెలలూ ఏళ్లూ వదిలిపెట్టింది. ఆనాడు మీరు పుట్టారో లేదో అనవసరం, దానిమీదికే తోసెయ్యండి. ఒకసారి ఆర్.ఎ. ఫ్యాక్టర్ పరీక్ష చేయించి నెగటివ్ వస్తే ఆ కాగితానికి ఫ్రేము కట్టించండి. జబ్బున్నవాళ్లలో కూడా నలుగురైదుగురిలో ఒకరికి అది నెగటివే వస్తుందని తెలిస్తే ఫ్రేము ఖర్చు దండగవుతుంది.

మొదటి కొన్ని నెలల్లోనే మందు మొదలుపెడితే కీళ్లు బాగా దక్కుతాయని నిపుణులందరూ మొత్తుకుంటారు. అందుకే ముందు శ్రావణమాసం వెళ్లనివ్వండి. తర్వాత దసరా. తర్వాత పిల్లల పరీక్షలు.

పథ్యానికి ఎక్కువ చోటివ్వక్కర్లేదు. వంకాయ, గోంగూర, చింతపండు, దుంపలు, కందిపప్పు, పెరుగు మానెయ్యండి. ఇంకా ఏమైనా రుచిగా కనిపిస్తే అదీ. సిగరెట్టుకు మాత్రం మా పథ్యంలో నిషేధం లేదు. అది ఈ జబ్బు రావడానికీ ఊతమిస్తుంది, వచ్చాక మందునూ సరిగా పనిచెయ్యనివ్వదంటారు. అయినా దానికి పులుపు లేదు కదా.

వ్యాయామం రెండే రకాలు. నెల్లాళ్లు మంచం దిగకపోవడం ఒకటి, ముప్పై ఒకటో రోజున అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఏకబిగిన ఎక్కడం రెండోది. మోకాళ్ల పర్వతం దగ్గర ఫొటో తప్పనిసరి. రోజూ కాసేపు నెమ్మదిగా కీళ్లు కదిలించుకోవడం, ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు తొడ కండరాలకు బలం తెచ్చుకోవడం లాంటివి చూసేవాళ్లకు ఆనవు.

మందుల్లో రాజు ఊరి చివరి సూది. ఏం సూది అని మీరు అడగకూడదు, వేసేవాడు చెప్పకూడదు. సాయంత్రం పొడిపించుకుంటే తెల్లారేసరికి మీరు పరుగెత్తుతారు. అబద్ధం కాదు. 1948లో అమెరికాలో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు మంచం పట్టిన ఒక కీళ్లవాతం రోగికి కార్టిజోన్ ఎక్కిస్తే కొద్దిరోజుల్లో ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ సంబరం తీరకముందే ముఖం ఉబ్బడం, షుగరు పెరగడం, ఎముకలు గుల్లబారడం వరసగా కనిపించాయి. ఇప్పుడు డాక్టర్లు స్టెరాయిడ్‌ను కొలిచి, కొన్నాళ్లకే ఇచ్చి, మెల్లగా దించుతారు. మన సూదికీ, కొన్ని నల్లపొడి పొట్లాలకూ ఆ కొలత బాధ లేదు. బుగ్గలు నిండుగా వస్తే ‘ఒళ్లు చేసింది, మందు పట్టింది’ అని అందరూ మెచ్చుకుంటారు.

మెథోట్రెక్సేట్ అని రాసిచ్చారా? ‘అది క్యాన్సర్ మందు’ అని గుసగుసగా, రోగికి వినబడేలా అనాలి. ఆ మందు వెనకున్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన బృందమనీ, అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో దాంతోపాటు ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిందీ వాళ్లేననీ, ఇప్పుడు ఆ మందు ఇబ్బంది పెట్టకుండా పక్కన వేసుకోమనే చిన్న మాత్ర ఆ ఫోలిక్ యాసిడేననీ ఎవరైనా చెబితే, ‘మనవాడే అయినా మందు మందే’ అనండి.

(ఇక్కడ రాస్తున్నవాణ్ని మధ్యలో దూరుతున్నాను, పెద్దలు మన్నించాలి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది, అలా పోయినవాళ్లున్నారు. ఆ రోజేదో చీటీ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి. రక్తపరీక్షలు మానకండి. బిడ్డ కావాలనుకుంటే ముందే డాక్టరుకు చెప్పాలి. వాడుతున్న స్టెరాయిడ్ మాత్ర సొంతంగా ఒక్కసారి ఆపకూడదు. ఇక కాలనీ గొంతు కొనసాగుతుంది.)

చప్పుడుతో ఇంట్లో ఉపయోగాలూ ఉన్నాయి. పిల్లకు దిష్టి తగిలితే బామ్మ బుగ్గలు నిమిరి కణతల దగ్గర మెటికలు విరిచేది. మీరు చెయ్యి ఎత్తనక్కర్లేదు, పిల్ల ముందు ఓసారి గొంతుకూర్చుని లేస్తే ఇంటిల్లిపాదికీ దిష్టి దిగిపోతుంది. నష్టమల్లా అర్ధరాత్రి. ఫ్రిజ్‌లో పూతరేకుల డబ్బా కోసం పిల్లిలా నడిచి వెళ్లినా, కింది అరకు వంగేసరికి మోకాళ్లు మీ గుట్టు బయటపెడతాయి. పక్కగదిలోంచి మామగారు ‘ఎవరదీ’ అంటారు. డబ్బా పై అరలోకి మార్చుకోండి. ఈ చిట్కాల్లో పనికొచ్చేది ఇదొక్కటే అయితే మమ్మల్ని నిందించకండి.

ఇన్ని చేసినా మీరు మా మాట కాదని మందులు వాడారనుకుందాం. కొన్ని నెలలకు వాపు దిగింది, ఇ.ఎస్.ఆర్. దారికొచ్చింది, చుక్కల ముగ్గు కాస్తా మెలికల ముగ్గయింది. డాక్టరు 28 కీళ్లూ నొక్కి చూసి ‘ఒక్కటీ వాచలేదు’ అన్నారు. మీరు సంతోషంగా కుర్చీలోంచి లేచారు. మోకాలు టక్కుమంది.

చూశారా, చప్పుడు పోలేదు! జబ్బు అణిగినా అప్పటికే గరుకుదేరిన మృదులాస్థి మళ్లీ నునుపు కాదనీ, ఆ కరకర మిగిలిపోవచ్చనీ, అలాగని మందు ఆపితే వాపు తిరిగి లేస్తుందనీ డాక్టరు అంటూనే ఉంటారు. మా చెవులు మాకున్నాయి. మందు పనిచెయ్యలేదు. ఫైలు అటకెక్కించండి, ఆముదం గిన్నె దించండి. సాయంత్రం ఆరింటికి మేమంతా వస్తున్నాం. మా టీలో చక్కెర మామూలుగానే వెయ్యండి. షుగరొచ్చింది సూది వేయించుకున్న మీకు, మాకు కాదు.