అద్దెకు పోయిన దవడ

ఎదుటి మనిషి కాఫీని సాసర్లో ఒంపుకుని జుర్రున ఒక్క గుక్క లాగితే చాలు, ఒళ్ళంతా కారం పూసినట్టు ఉలిక్కిపడే జీవులు కొందరుంటారు. వెనక సందులో పెళ్ళివారి డీజే కిటికీ అద్దాలను వణికిస్తున్నా వీళ్ళు హాయిగా గుర్రుపెట్టగలరు. పక్క మంచం మీది మనిషి నిద్రలో పెదవులు చప్పరిస్తే మాత్రం లేచి కూర్చుంటారు. నేనూ ఆ బాపతే. 2001లో వినికిడి పరిశోధకులైన జాస్ట్రెబాఫ్ దంపతులు అమెరికాలో మా బాధకు మిసోఫోనియా అని నామకరణం చేశారు. గ్రీకు మాటల్లోంచి తీసిన ఈ పేరుకు శబ్దద్వేషం అని అర్థం. బారసాల చేసినందుకు సంతోషమేగానీ పేరు మాత్రం కుదరలేదు. ద్వేషమంటే అవతలివాడికీ మనకూ మధ్య కాస్త ఎడం ఉండాలి. ఆ ఎడం లేకపోవడమే మా జబ్బు అని నా వాదన.

దీనికి సాక్ష్యం బ్రిటన్ నుంచి వచ్చింది. న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో సుఖ్‌బిందర్ కుమార్ బృందం మావంటి వాళ్ళ మెదళ్ళను స్కాన్ చేసి 2017లో ఒక సంగతి చెప్పింది. దేన్ని పట్టించుకోవాలో, దేన్ని వదిలెయ్యాలో తేల్చడంలో పాలుపంచుకునే భాగమొకటి నమిలే చప్పుడు వినగానే మామీద అతిగా విజృంభిస్తుందట. 2021లో చెప్పింది ఇంకా రుచికరం. వినికిడిని చూసుకునే ప్రాంతానికీ, నోటినీ ముఖాన్నీ కదిలించే ప్రాంతానికీ మధ్య మాలో లంకె మామూలుకన్నా బలంగా ఉందట. నా మోటు భాషలో చెబితే, అప్పడం నములుతున్నది ఎదుటివాడే అయినా దవడ మాది. అడగకుండా, అడ్వాన్సు ఇవ్వకుండా అద్దెకు తీసేసుకున్నాడు. పైగా రుచి అతనికి, కరకర మనకు. చారు జుర్రేవేళా, ఆవకాయ టెంక చీకేవేళా ఇదే ఏర్పాటు. అందుకే 'నువ్వు పట్టించుకోకు' అనే సలహా మా దగ్గర పనిచెయ్యదు. పరాయి చప్పుడునైతే వదిలెయ్యొచ్చు, సొంత నోరు కదులుతున్నట్టుంటే ఎలా వదలడం?

'ఊరుకోండి, మా తాతల కాలంలో ఇలాంటి జబ్బులెక్కడివి' అంటారు. పేరు లేకపోవచ్చు, చెవులు లేవంటే మాత్రం తెలుగు భాష ఒప్పుకోదు. చప్పుడు, సవ్వడి, సద్దు, రొద అని తూకం వేసి పేర్లు పెట్టి, అవీ చాలక, మనిషి ఉన్నాడో లేడో అన్నంత పాటి కదలికకు అలికిడి అని ప్రత్యేకంగా ఒక మాట దాచిపెట్టిన జాతి మనది. జంతిక విరిగితే కరకర, కాగితం చిరిగితే పరపర. ఇన్ని రకాలుగా విన్నవాళ్ళలో ఒక్కరికైనా ఒళ్ళు మండి ఉండదా? చట్టం మాత్రం ఈ తేడాలు ఎరగదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు దాటరాదన్నాయి. సాసర్ జుర్రుడు ఏ సెక్షన్ కిందికీ రాదు. రాకపోవడమే మేలనుకోండి, వస్తే సగం ఇళ్ళల్లో భోజనాల బల్ల దగ్గరే పంచనామా జరగాలి.

ఇది చదువుకున్నవాళ్ళ పొగరు అనే నింద ఇంకొకటి. దానికి కొంత కారణం మా పూర్వీకులే. 1851లో జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్ వీధిలో కొరడా ఝుళిపింపుల మీద వ్యాసమే రాసి, చప్పుడుకు చలించడం గొప్ప బుద్ధికి గుర్తని తేల్చాడు. ఆ బిరుదు నాకొద్దు. అప్పడానికి ఓడిపోయే బుద్ధి ఏపాటిది! నమిలేవాడి తప్పేమీ లేదని కూడా ఒప్పుకుంటాను. చప్పుడు చెయ్యకుండా జంతిక తినడం మానవమాత్రుల వల్ల కాదు.

మరి చెవుల్లో దూది పెట్టుకోవచ్చుగా అంటే, రచయిత థామస్ కార్లైల్ కథ వినండి. పొరుగింటి కోళ్ళ బాధ పడలేక ఆయన 1853లో లండన్ చెల్సీలోని తన ఇంటి పైకప్పు మీద శబ్దం చొరబడని గది కట్టించడం మొదలుపెట్టాడు. బోలెడు ఖర్చు పెట్టాక, దగ్గరి చప్పుళ్ళు తగ్గాయిగానీ ఎక్కడెక్కడి కూతలో వచ్చి ఆ గదిలోనే పడ్డాయి. నిశ్శబ్దం పెరిగేకొద్దీ చిన్న చప్పుడుకు సింహాసనం వేసినట్టే. కాబట్టి మా మందు ఇంకాస్త చప్పుడు. చెవి వైద్యులు కూడా వెనకాల సన్నటి హోరు ఏదైనా పెట్టుకోమంటారు. ఆ లెక్కన మన ఇళ్ళల్లో కిర్రుకిర్రుమంటూ తిరిగే పాత సీలింగు ఫ్యానును మించిన వైద్యుడు లేడు. అది తిరుగుతున్నంతసేపూ చారూ అప్పడమూ ఆ హోరులో కలిసిపోతాయి, దవడ మన దగ్గరే ఉంటుంది. చిక్కల్లా ఒక్కటే, కరెంటు పోయేది సరిగ్గా వడ్డనలయ్యాకే.