పద్దు తప్పని తాతగారికి

అయ్యా రాబర్ట్ కార్టర్ గారూ,

మీరు కన్నుమూసింది 1732 ఆగస్టు 4న. ఇన్నేళ్ల తర్వాత మీకు ఉత్తరం రాస్తున్న నేనెవరినో ముందు చెప్పుకోవాలి. మాది గోదావరి ఒడ్డు పల్లె. మా నాన్న ఊరి కరణం. మా అబ్బాయి మీ వర్జీనియాలో ఉద్యోగం చేసుకుంటూ అక్కడి పిల్లనే పెళ్లాడాడు. మా కోడలి తల్లి వైపు వంశాన్ని వెనక్కి తడుముకుంటూ పోతే పదకొండో మెట్టు మీద మీరు కనిపించారు. మా మనవడికి మీరు ముత్తాతల ముత్తాత. నాకు వియ్యాలవారి ఇంటి పెద్ద. మీలో మెచ్చుకోవలసినవి నిజంగానే ఉన్నాయి. అవే రాస్తాను.

రెండు చలికాలాలు కోడలూ నేనూ మీ కాగితాల మీదే కూర్చున్నాం. రిచ్‌మండ్‌లోని రాష్ట్ర గ్రంథాలయం మీ కాలపు భూమి పట్టాలన్నీ ఫొటోలు తీసి అందరికీ అందుబాటులో పెట్టింది. మీ లాంకాస్టర్ కౌంటీ కోర్టు పుస్తకాలు 1650ల నుంచీ నిలిచి ఉన్నాయి. పట్టాలు, వీలునామాలు, ఆస్తి జాబితాలు, మీ ఉత్తరాలు, మీ దినచర్య పుస్తకం. మూడు వందల ఏళ్లనాటి మనిషి ఇంత స్పష్టంగా దొరకడం అరుదు. మా వైపు నాకు తెలిసింది నాలుగు తరాలే. ఆపైన తర్పణాల్లో చెప్పుకునే గోత్రం తప్ప కాగితం ముక్క లేదు.

మంచి లెక్క రాసినవాడు చచ్చాక కూడా సాక్ష్యం చెబుతాడనేవాడు మా నాన్న. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని అడంగల్ చదివినవాణ్ణి కాబట్టి, పద్దు తప్పని మనిషిని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. మీరు పద్దు తప్పలేదు. ఏ పొలంలో ఎన్ని పందులు, ఏ ఓడలో ఎన్ని పొగాకు పీపాలు, ఎవరి బాకీ ఎంత, ఆ రోజు గాలి ఎటు వీచింది, అన్నీ రాశారు. మీరు రాయకపోతే ఈ ఉత్తరంలో చెప్పేవి ఏవీ నాకు తెలిసేవి కావు.

ముందు నేల సంగతి. మీ నాన్నగారు జాన్ కార్టర్ కాలంలో వర్జీనియాలో పట్టా పుట్టే దారి ఒకటుండేది. సముద్రం దాటించి ఒక మనిషిని తెచ్చినవాడికి తలకు 50 ఎకరాలు. ఇంగ్లండు నుంచి ఒప్పందం మీద తెచ్చిన పేదవాడైనా, ఆఫ్రికా నుంచి కట్టి తెచ్చినవాడైనా తల తలే. అందుకే ఆ పట్టాల్లో హద్దులతో పాటు ఆ తలల పేర్లూ ఉంటాయి. ఈ చెట్టు దగ్గర మొదలై, ఆ వాగు వెంబడి ఇన్ని బారలు, ఫలానా వారి గట్టు దాకా. చదువుతుంటే మన దాన శాసనాల్లో ఎల్లలు చెప్పే తీరు గుర్తొచ్చింది. మన శాసనాల్లో ఆ భూమిని హరించినవాడికి శాపం కూడా చెక్కుతారు. మీ పట్టాల్లో అది లేదు. అంతకుముందు ఆ వాగుల వెంట మొక్కజొన్న పండించుకున్న రాపహానక్ జాతివారి పేరు అక్కడి నదికి మిగిలింది.

మీ హయాంలో పద్ధతి మారింది. పొటోమాక్, రాపహానక్ నదుల మధ్య సుమారు 50 లక్షల ఎకరాలు ఇంగ్లండులో కూర్చున్న ఫెయిర్‌ఫాక్స్ ప్రభువుది. ఇక్కడ ఆయన తరఫున పట్టాలిచ్చే ఏజెంటుగా మీరు రెండు దఫాలు పనిచేశారు: 1702 నుంచి 1711 దాకా ఒకసారి, 1722 నుంచి పోయేదాకా ఇంకోసారి. వంద ఎకరాలకు ఏడాదికి రెండు షిల్లింగుల శిస్తు. ఇచ్చే చెయ్యీ మీదే, పుచ్చుకునే చెయ్యీ మీ ఇంటిదే. మైనారిటీ తీరని కొడుకు పేర, ఊహ తెలియని మనవడి పేర, అల్లుళ్ల పేర పట్టాలు రాశారు. 1730లో షెనాండోవా నది వెంట మీ కొడుకులకూ మనవలకూ కలిపి రాసిన భూమే 50 వేల ఎకరాలు దాటింది. బిడ్డల కోసం ఇంత ముందుచూపు పడ్డ తండ్రిని నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. మీరు పోయాక లండన్ పత్రికలో పడిన మరణవార్త మీ ఆస్తి ఇంతని చెప్పింది: దాదాపు 3 లక్షల ఎకరాలు, వెయ్యిమంది దాకా బానిసలు, 10 వేల పౌన్ల నగదు. అది చదివాకే ఫెయిర్‌ఫాక్స్ ప్రభువుకు తన ఎస్టేటు ఎంత విలువైనదో తెలిసిందంటారు. ఆ తర్వాత ఏజెంటు పని తన చుట్టానికి అప్పగించాడు.

మీ ముందుచూపు మీ నాన్నగారి నుంచే వచ్చినట్టుంది. ఆయన 1669లో పోయేనాటికి మీకు ఆరేళ్లు. ఆయన వీలునామాలో ఒక వాక్యం దగ్గర మా కోడలు చాలాసేపు ఆగిపోయింది. ఈ పిల్లవాడికి మైనారిటీ తీరేవరకు లాటిన్ బడిలో చదివిన ఒక యువకుణ్ణి సేవకుడిగా కొని పెట్టాలి, అతను వీడికి చదువు చెప్పాలి, కీడు సోకకుండా కాపాడాలి అని ఆయన కోరిక. చావు దగ్గరపడ్డ తండ్రి, తల్లి కూడా లేని ఆరేళ్ల కొడుకు గురించి పడ్డ బెంగ అది. ఆ వాక్యం చదివినప్పుడు నా కళ్లు చెమర్చాయి. చదువు చెప్పే మనిషిని కూడా కొని పెట్టమన్నాడని రెండోసారి చదివినప్పుడు గాని నాకు తట్టలేదు.

మీరు పేర్లు పెట్టిన తీరు ఇంకా దగ్గరగా చూడాలి. ఆఫ్రికా నుంచి ఓడలొచ్చినప్పుడు మీరే ఓడ మీదికి వెళ్లి బేరాలు చేసేవారు, పరాయివారి సరుకు అమ్మిపెట్టి కమిషనూ తీసుకునేవారు. 1727 అక్టోబరులో మీ పొలాల పెత్తనం చూసే రాబర్ట్ జోన్స్‌కు ఒక ఉత్తరం రాశారు. కొత్తగా కొన్నవాళ్లకు ఇక్కడే పేర్లు పెట్టాను, పేరు చూస్తే ఎవరు ఎంత పొడవో ఎప్పుడైనా తెలిసిపోతుంది, వాళ్ల చెవిలో పడేలా అన్నిసార్లు చెప్పించాను, ఇప్పుడు పిలిస్తే ప్రతివాడూ పలుకుతాడు అని. ఆ పేర్లు మారకుండా చూసుకోమని హెచ్చరిక కూడా. ఎంత ఓపిక! మా మనవడికి బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి, మా అబ్బాయి చేత బంగారు ఉంగరంతో పేరు రాయించి, వాడి చెవిలో మూడుసార్లు చెప్పించాం. పలకడం వాడికి ఏడాది నిండాక గాని రాలేదు. మీరు చెప్పించినవాళ్లకు అంతకుముందే అమ్మ పెట్టిన పేరుంది. అది మీ పుస్తకాల్లో ఎక్కడా లేదు. లేకపోవడం పొరపాటు కాదు. పొరపాట్లు చేసే మనిషి కాదు మీరు.

చట్టం కూడా మీరు దాటలేదు. పారిపోయి పట్టుబడ్డ బానిస అవయవం తీయించాలంటే కోర్టు అనుమతి కావాలని 1705 నాటి వర్జీనియా చట్టం. 1708 మార్చిలో మీరు లాంకాస్టర్ కోర్టుకు అర్జీ పెట్టుకున్నారు. బంబారా హారీ, డైనా అనే ఇద్దరు చెప్పిన మాట వినడం లేదన్నారు. వాళ్లను దారికి తేవడానికీ మిగతావాళ్లు జడుసుకోవడానికీ, ఇద్దరివీ గాని ఒకరివి గాని కాలివేళ్లు తీయించే పూర్తి అధికారం మీకుందని కోర్టు రాసిచ్చింది. ఆ పేజీ మా తెర మీద చూశాను. అక్షరాలు గుండ్రంగా, వరస చెదరకుండా ఉన్నాయి. పై పేజీలో బాకీల తగాదా, కింది పేజీలో ఇంకొకటి, మధ్యలో హారీ, డైనా. వేళ్లు తీశారో లేదో ఆ పేజీలో లేదు. 1727లో అదే జోన్స్‌కు రాసిన ఉత్తరంలో మాత్రం బలాజోర్ అనే మరొక మనిషికి కోర్టు ఉత్తర్వు తెచ్చి వేళ్లు తీయించమన్నారు. ఈ వైద్యంతో పారిపోయే జబ్బు చాలామందికి నయం చేశానని కూడా చెప్పుకున్నారు. బలాజోర్ అన్న పేరు చదవగానే మా కోడలికి ఏమీ అనిపించలేదు. నాకు మన తూర్పు తీరాన ఒడిశాలోని బాలాసోర్ రేవు మెదిలింది. ఆ మనిషికి ఆ పేరు ఎలా వచ్చిందో మీకే తెలుసు.

ఆ రాత్రి కోడలు కంప్యూటర్ మూసేసి, మామయ్యా, ఇక చాలు అంది. తన రక్తం గదా. నేనే మర్నాడు మళ్లీ తెరిపించాను. ఎందుకంటే హారీ, డైనా, బలాజోర్ ఇంకెక్కడా లేరు. ఉన్నది మీ కాగితాల్లోనే. మీ చెయ్యి అంత శ్రద్ధగా రాసింది కాబట్టే మూడు వందల ఏళ్లకు గోదావరి వాడొకడు వాళ్లను పేరు పెట్టి తలచుకుంటున్నాడు. ఈ మేలుకు మీకు నమస్కారం చెప్పక తప్పదు. మా నాన్న అడంగల్లో పట్టాదారు పేరుంది, పంట పేరుంది, నీటి వనరుంది. మా పొలం దున్ని మోకాళ్లు అరగదీసుకున్న పాలేరు పేరు ఒక్క ఏడు కూడా లేదు. నేను అడిగి రాసుకునేనాటికి చెప్పగలిగినవాళ్లు పోయారు.

మీరు పోయాక 1733లో తీసిన ఆస్తి జాబితాలో 700 మందికి పైగా మనుషులున్నారు. ఊరికే తలలు లెక్కపెట్టలేదు. పొలం పొలానికీ పేజీ. మేస్త్రీ ఫలానా, అతని భార్య ఫలానా, వాళ్ల పిల్లలు, వాళ్ల వయసులు. ఆ తర్వాత ఆవులు, పందులు, గునపాలు. బానిసల సంసారాలను ఇలా ఇంటింటికీ విడివిడిగా రాసిన జాబితాలు మీ కాలంలో తక్కువ. మొగుడూ పెళ్లాం ఒకచోట ఉంటే పారిపోరని, పిల్లలు పుడితే పొలం నిండుతుందని మీకు బాగా తెలుసు. వర్జీనియా చట్టం బానిసలను స్థిరాస్తిగా లెక్కేసింది. అందుకే మీ వీలునామాలో పొలం ఏ కొడుక్కి పోతే ఆ పొలం మీది సంసారం ఆ కొడుక్కి పోయింది. నేలా, మనుషులూ, వాళ్లకు ఇక పుట్టబోయేవాళ్లూ. మన శాసనాల్లో ఆచంద్రార్కం అంటారు చూడండి, అలాగన్నమాట.

చంద్రసూర్యుల దాకా పోలేదు. మీ మనవడు, మీ పేరే పెట్టుకున్న నొమినై హాల్ రాబర్ట్ కార్టర్, 1791 సెప్టెంబరు 5న కోర్టులో ఒక దస్తావేజు దాఖలు చేశాడు. నాలుగు వందల యాభై మందికి పైగా మనుషుల పేర్లు, వయసులు, పొలాల వారీగా. మీ జాబితా లాగే ఉంటుంది చూడ్డానికి. కానీ అది విడుదల పత్రం. ఏడాదికి 15 మంది చొప్పున వదిలిపెడుతూ పోవాలన్నాడు. అంతర్యుద్ధానికి ముందు అమెరికాలో ఒక్క మనిషి చేతి మీదుగా అంతమంది విడుదల కాలేదు. ఇరుగుపొరుగు పొలాలవాళ్లు మండిపడ్డారు. అతను బాల్టిమోర్‌కు వెళ్లిపోయి, 1804లో పోయాక రాయి కూడా లేని సమాధిలో పడుకున్నాడు. అతని కొడుకు జార్జ్ మాత్రం మీ దారికే వచ్చాడు. మా అబ్బాయి ఇల్లున్న లౌడన్ కౌంటీలోనే, మీరు సంపాదించిన నేల మీద ఓట్‌లాండ్స్ అనే పెద్ద ఎస్టేటు కట్టాడు. 1860 జనాభా లెక్కల్లో అక్కడ వందమందికి పైగా బానిసలున్నారు. ఇవాళ యాష్‌బర్న్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లు బారులు తీరి ఉన్నాయి. మన పిల్లలు ఓట్‌లాండ్స్ తోటకు ఫొటోలు దిగడానికి వెళ్తారు.

కిందటి వేసవిలో మనవణ్ణి మీ దగ్గరికి తీసుకొచ్చాం. మీ సొమ్ముతో మీరు కట్టించిన క్రైస్ట్ చర్చి ఇంకా చెక్కుచెదరలేదు. మందపాటి ఇటుక గోడలు, ఎత్తైన కిటికీలు. పాత చర్చిలో ఉన్న మీ తల్లిదండ్రుల సమాధులు కదలకూడదని షరతు పెట్టి మరీ కట్టించారు. కన్నవాళ్ల ఎముకల మీద అంత మమకారం ఉన్నవాణ్ణి ఎవరు కాదంటారు? చర్చి పక్కన మీ సమాధి మీది లాటిన్ రాతను అక్కడి పెద్దావిడ మాకు ఇంగ్లీషులో చెప్పింది. స్పీకరు, కోశాధికారి, ఏడాదికి పైగా గవర్నరు. ఆస్తి మచ్చలేని దారిలో సంపాదించారట. దీనులు ఓదార్చేవాణ్ణీ, వితంతువులు కాపాడేవాణ్ణీ, అనాథలు తండ్రినీ పోగొట్టుకున్నారట. రాతిమీద అక్షరం లోతుగా, అందంగా చెక్కి ఉంది.

మనవడు అంతా విని, హారీ, డైనా సమాధులు ఎక్కడున్నాయి అని ఆవిడను అడిగాడు. మేము ఇంట్లో మాట్లాడుకుంటుంటే విన్నట్టున్నాడు. ఇక్కడ లేవు బాబూ అందావిడ.

వాడికి ఎనిమిదేళ్లు. కాసేపు నిలబడి, బూట్లు విప్పి నా చేతికిచ్చి, ఎండలో పచ్చిక మీద చర్చి చుట్టూ పరుగెత్తాడు. రెండు చుట్లు తిరిగొచ్చి మీ రాతి పక్కనే కూలబడ్డాడు, గడ్డి అంటుకున్న అరికాళ్లు నా వైపు చాపి. కోడలు వంగి తన చీర లాంటి పొడవాటి గౌను చెంగుతో ఆ వేళ్ల మధ్య మట్టి తుడవడం మొదలుపెట్టింది. ఒక్కో వేలూ విడదీసి, పదీ.