తేదీ కూడా అడగండి ప్రభూ!

మహారాజశ్రీ ఆన్‌లైన్ కాల్‌బుక్ సర్వాధికారి గారి సముఖానికి,

ప్రపంచంలో ఏ మూల నుంచి ఏ హామ్ (ఔత్సాహిక రేడియో ఆపరేటర్) పలికినా, తన గుర్తింపు సంకేతమైన కాల్ సైన్‌ని తమ వెతుకు పెట్టెలో కొడితే చాలు, పేరూ ఊరూ ఫొటోతో సహా రెప్పపాటులో తెర మీదకి వస్తాయి. ఆ ఘనత తమరిదే, ఎవరూ కాదనరు. అయితే ఆ పెట్టెలో కాల్ సైన్‌కి చోటుంది గానీ తేదీకి లేదు. ఏ హామ్ లాగ్‌బుక్ తెరిచినా ప్రతి వరుసలోనూ అవతలి స్టేషన్ కాల్ సైన్ పక్కన తేదీ, యూటీసీ సమయం, ఫ్రీక్వెన్సీ ఉంటాయి. కాంటాక్టుని ధ్రువపరిచే క్యూఎస్‌ఎల్ కార్డు మీద తేదీ వెయ్యకపోతే అది దేనికీ కొరగాదు. ఇంత నిక్కచ్చిగా రాసుకునే ఆ ఒక్క వివరాన్నే తమరు అడగరు. ‘ఈ కాల్ సైన్ ఎవరిది?’ అంటే ఇవాళ ఎవరిదో చెప్పి పంపించేస్తారు.

కాల్ సైన్ అద్దె ఇల్లు లాంటిది. నంబరు అదే, కాపురం ఉండేవాళ్లే మారతారు. అమెరికాలో లైసెన్సు గడువు తీరాక రెండేళ్లలోపు పునరుద్ధరించుకోకపోతే, ఆ కాల్ సైన్‌ని వ్యానిటీ పద్ధతిలో వేరొకరు కోరి తీసుకోవచ్చు. అక్కడే ప్రత్యేక సందర్భాల కోసం కే2ఏ తరహాలో ఒక అక్షరం, ఒక అంకె, మరో అక్షరంతో కాల్ సైన్లు ఇస్తారు. అవి మొత్తం 750. కొద్ది రోజులు ఒక క్లబ్బు వాడుకుంటే, ఆ తర్వాత అదే సైన్ ఇంకో రాష్ట్రంలో ఇంకెవరి చేతికో వెళ్తుంది. తేదీ చెప్పకుండా కే2ఏ ఎవరిదంటే సమాధానమే లేదు. మన సంగతీ చూడండి. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం పోర్ట్‌బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ, వీయూ4ఎన్‌ఆర్‌ఓ కాల్ సైన్లతో ప్రసారాలు చేస్తుండగానే సునామీ వచ్చింది. ఆ తర్వాత ద్వీపాల కబుర్లు బయటికి చేరవేసిందీ ఆ బృందమే. ఆ కాల్ సైన్లకి చరిత్రలో చోటిచ్చింది ఆ తేదీలే.

పాతకాలం అచ్చు కాల్‌బుక్ తమరంత చురుకైనది కాదు. కానీ దాని అట్ట మీద సంవత్సరం ఉండేది. 1975లో మాట్లాడిన మనిషి కోసం 1975 పుస్తకం తీస్తే సరిపోయేది. ఆన్‌లైన్‌కి వచ్చాక కొత్త వివరం ఎక్కగానే పాతది చెరిగిపోతోంది. వేగం పెరిగింది, జ్ఞాపకం పోయింది.

పాత కాంటాక్టుల గొడవ ఇప్పుడెందుకని తమరు అనవచ్చు. అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్, వివిధ దేశాలతో మాట్లాడినవాళ్లకి ఇచ్చే డీఎక్స్‌సీసీ అవార్డుకి 1945 నవంబరు 15 నుంచి చేసిన కాంటాక్టులన్నీ లెక్కకి వస్తాయి. ఆ లెక్కన తాతల నాటి లాగ్‌బుక్ కూడా ఇంకా చెల్లుబాటులోనే ఉంది. ఇంత డేటా ఎక్కడ తెస్తామంటారా? అమెరికాలో లైసెన్సులిచ్చే ఎఫ్‌సీసీ తన లైసెన్సుల డేటాబేసుని ఫైళ్లుగా అందరికీ అందుబాటులో పెడుతూనే ఉంది. తమరు కొత్తగా తవ్వి తియ్యక్కర్లేదు, ఉన్నది చెరపకుండా ఉంటే చాలు. ఇక అన్నిటికన్నా బలమైన అభ్యంతరం గోప్యత. పాత చిరునామాలన్నీ వరుసగా పేర్చి చూపిస్తే అది చరిత్ర కాదు, మనిషి వెంట పడటం. ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే ఇంటి చిరునామాలు చూపించమని ఎవరూ అడగడం లేదు. పేరు, దేశం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్న మూడు ముక్కలు చాలు. పేరు కూడా వద్దన్నవాళ్లకి తేదీలు మాత్రమే ఉంచండి. మనిషి మారాడన్న సంగతైనా తెలుస్తుంది.

కాబట్టి కాల్ సైన్ పెట్టె పక్కన తేదీ పెట్టె ఒకటి పెట్టించండి. అది ఖాళీగా వదిలినవాళ్లకి ఇవాళ్టి సమాధానమే ఇవ్వండి. తేదీ వేసినవాళ్లకి ఆనాటి సమాధానం ఇవ్వండి, లేకపోతే ‘తెలియదు’ అనండి. ఒకరి కాంటాక్టుని ఇంకొకరి పేరుకి కట్టబెట్టడం కన్నా తెలియదనడమే కాల్‌బుక్‌కి గౌరవం.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు