డయాలిసిస్ రోగి దేహంలో హీమ్ ఆత్మకథ

రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తన చరిత్రను తానే చెప్పుకోగలిగితే, పుట్టుకను నాలుగు మాటల్లో ముగించి, మిగిలినదంతా తనకు జరిగిన అన్యాయానికే కేటాయిస్తుంది. గ్లైసిన్ అనే అమైనో ఆమ్లమూ, కణాలు శక్తిని తయారుచేసుకునే క్రమంలో ఏర్పడే సక్సినైల్ కో-ఎ అనే పదార్థమూ కలిసి, 8 అంచెలు దాటే ప్రయాణంలో పార్ఫిరిన్ అనే వలయంగా మారతాయి. ఆఖరి అంచెలో ఆ వలయం నడుమ ఇనుము కుదురుకుంటే హీమ్ సిద్ధమవుతుంది. ఒక్కో ఎర్ర రక్తకణంలో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులు, ఒక్కొక్క అణువులో 4 హీమ్‌లు ఉంటాయి. ప్రాణవాయువును ఒంటి మూలమూలకూ మోసుకెళ్లే ఆ కొలువును చూసి హీమ్ గర్వించడం సబబే.

మూత్రపిండాలను మురికి వడగట్టే అవయవాలుగా మాత్రమే తలచడం హీమ్‌కున్న మొదటి మనస్తాపం. ఎముక మజ్జను ఎర్ర కణాల తయారీకి పురమాయించే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను ప్రధానంగా అక్కడే పుడుతుంది. డయాలిసిస్ యంత్రం యూరియాను తొలగించగలదు గాని ఆ హార్మోనును తయారుచేయలేదు. అమెరికాలో 1989లో ఆమోదం పొందిన ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షను ఆ లోటును చాలావరకు తీర్చినా, హీమ్ కష్టాలు అంతటితో తీరలేదు. ఎలా అంటే, వలయ నిర్మాణంలో రెండో అంచెను నడిపే ఎంజైము, రక్తంలో వ్యర్థాలు పేరుకున్న యురేమియా స్థితిలో మందగిస్తుంది.

ఆరోగ్యవంతుల్లో దాదాపు 120 రోజులు బతికే ఎర్ర కణం డయాలిసిస్ రోగుల్లో అంతకన్నా చాలా ముందే రాలిపోతుంది. డయాలిసిస్‌కు వాడే నీటిలోని క్లోరమైన్‌ను కార్బన్ వడపోతతో తొలగించకపోతే అది కణాలను పగలగొడుతుంది. ప్రతి డయాలిసిస్ చివర, రక్తాన్ని వడగట్టే డయలైజరులోనూ గొట్టాల్లోనూ మిగిలిపోయిన రక్తం చెత్తబుట్ట పాలవుతుంది. ఇది చిన్న నష్టం కాదు: మామూలుగా పాతబడిన హీమ్‌ను మాక్రోఫేజ్ కణాలు విడగొట్టి, అందులోని ఇనుమును మళ్లీ మజ్జకు చేరవేస్తాయి, కాని గొట్టంలో మిగిలిన హీమ్‌కు ఆ పునర్జన్మ లేదు. ఈ నష్టమూ, పరీక్షలకు తీసే రక్తమూ కలిపి ఏడాదికి 1 నుంచి 3 గ్రాముల ఇనుము పోవచ్చు. దేహంలో ఉండే మొత్తం ఇనుమే 3, 4 గ్రాములు.

అందుకే ఇనుమును నేరుగా రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అయితే కాలేయం స్రవించే హెప్సిడిన్ అనే హార్మోను ఈ రోగుల్లో పెరిగి, ఇనుమును నిల్వల్లోనే బంధిస్తుంది. మజ్జ ఇనుము కోసం అలమటిస్తుండగానే కాలేయంలో అది పేరుకుపోగలదు. అలా పేరుకున్న ఇనుము వలయ నిర్మాణంలో ఐదో అంచెను దెబ్బతీసినప్పుడు, హీమ్ కాలేకపోయిన యూరోపార్ఫిరిన్లు రక్తంలోకి చేరతాయి. ఆరోగ్యవంతుల్లో అవి మూత్రంతో పోతాయి. మూత్రం ఆగిన దేహంలో వాటికి ఆ దారి మూసుకుపోతుంది, ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉండటంవల్ల మామూలు డయాలిసిస్‌కూ సరిగా చిక్కవు. చివరికి చర్మంలో చేరి, వెలుతురు సోకగానే కణజాలాన్ని దెబ్బతీస్తాయి: ముంజేతుల మీద, చేతుల వెనుక బొబ్బలు లేచి, చిన్న రాపిడికే చర్మం ఊడి, మచ్చలు పడతాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి చోట, కారణం తేలని మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా జీడి, కొబ్బరి తోటల మధ్య బతుకులను కుంగదీస్తుండగా, ఎండలో పనిచేసే రోగి చేతి బొబ్బను వేడికి వచ్చినదేలే అని వదిలేయడం హీమ్ పట్ల ఎంత అలక్ష్యమో, రోగి పట్ల అంతకు మించిన అలక్ష్యం.

మూత్రమే రాని రోగిలో పార్ఫిరిన్లను ప్లాస్మాలోనూ మలంలోనూ వెతకాలి. అవి పెరిగి ఉంటే ఎక్కించే ఇనుమును ఆపి, ఎరిత్రోపోయిటిన్‌ను పెంచి, కాలేయంలోని నిల్వను మజ్జ వాడుకునేలా చేస్తారు. మూత్రపిండ మార్పిడి విజయవంతమైన కొందరిలో ఈ బొబ్బలు పూర్తిగా మానిపోయాయి.