టీవీలోని చంద్రునకు దోషము లేదు

శ్రీ విశ్వావసు నామ సంవత్సర భాద్రపద పూర్ణిమ నాడు, అనగా 2025 సెప్టెంబరు 7వ తేదీ ఆదివారము రాత్రి, సంపూర్ణ చంద్రగ్రహణమును డాబా యెక్కి కనులార చూడవలెనను దుర్బుద్ధి, నేనెరిగినంతలో, కామారెడ్డి జిల్లా భిక్నూరునందు నాకొక్కనికే పుట్టెను. తక్కిన వీధియంతయు ఆ చంద్రుని బారినుండి తప్పించుకొను యత్నములో నుండెను. పచ్చడి జాడీలపై గరికపోచలు వెలసినవి. మా యింట ఫ్రిజ్జులోని ఐస్‌క్రీము డబ్బాపై సైతము ఒక పోచ వెలసినది. ఎదురింటివారు పళ్లెములో నీరు పోసి, గ్రహణము విడుచువరకు పడదని చెప్పి, రోకలిని నిలబెట్టిరి. ఆ యింటి రోకలి ఏనాడును అంతటి గౌరవమెరుగదు.

ఇంతకు పదిదినముల ముందు ఇదే జిల్లాలో ఒకచోట ఒక్క దినముననే 40 సెంటీమీటర్లకు మించి వాన కురియగా, భిక్నూరు–తలమడ్ల నడుమ రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడెను. ఆ యుపద్రవమునకు పట్టువేళను ఏ టీవీ సిద్ధాంతియు చెప్పలేదు. గరిక వేయు వ్యవధి ఎవరికిని చిక్కలేదు. ఎవరినేమియు చేయని నీడకు మాత్రము 9 గంటల 57 నిమిషములకు స్పర్శ, 11 గంటల 1 నిమిషమునకు సంపూర్ణము, అటుపై 82 నిమిషములు నిండు గ్రహణము అని నిమిషములతో సహా లెక్క సిద్ధముగా నున్నది. ఆ లెక్క ఎక్కడనుండి వచ్చినది? చంద్రుని కప్పునది భూమి నీడయేయని ఆర్యభటుడు పదునైదు శతాబ్దుల క్రిందటనే వ్రాసిపెట్టెను. మన పండితుల నేర్పు ఏమనగా, గణితము చేయువేళ రాహువు చంద్రుని దారి సూర్యుని దారిని ఖండించు బిందువు. ఫలము చెప్పువేళ పాము.

తిరుమలలో ఆనాడు మధ్యాహ్నము 3.30 గంటలకే తలుపులు మూసిరి. శ్రీకాళహస్తి మాత్రము ఎప్పటివలెనే తెరచియుండెను. రాహుకేతువులతో ఆ స్వామికి పాత పరిచయము. దక్షిణకాశియని పేరుగన్న సిద్ధరామేశ్వరుని నీడన బ్రదుకు మేము, నెలవంకను నెత్తిన దాల్చిన దేవుని నిత్యము కొలిచి, ఆ చంద్రునకు ఆపద వచ్చిన రాత్రి కిటికీలు బిగించుకొంటిమి. 44వ నంబరు జాతీయ రహదారిపై టోల్‌గేటు ఒక్కటి మూయలేదు. రాహువు ఆ దారిని వచ్చియున్న యెడల ఫాస్టాగ్ చూపక కదలియుండడు.

పదకొండు దాటిన పిమ్మట మబ్బు తొలగెను. రాగిచెంబు రంగున, పాలిపోక, నల్లబడక, కుంపటిలో ఆరబోవు నిప్పువలె చంద్రుడు వ్రేలాడుచుండెను; భూగోళపు అంచుల గాలిలో వంగి వచ్చిన సూర్యకాంతి నీలమును దారిలో పారబోసి, మిగిలిన యెరుపును అతనికి పంపినదట. వెన్నెల యడగగానే అంతవరకు కానరాని చుక్కలు బయటపడినవి. తూర్పుగా కొంతదూరమున శనిగ్రహము వెలుగుచుండెను. ఈ సంగతి వీధిలో ఎవరికిని చెప్పలేదు. చెప్పినచో రెండవ స్నానమునకు నీళ్లు చాలవు.

ఇంతలో ప్రక్కయింటి కిటికీ రెక్క ఒకటి బెత్తెడు తెరచుకొనినది.

"సారూ, లోపలికి రాండ్రి. గ్రహణం నిండ పట్టింది."

"మీకెట్ల తెలిసింది?"

"టీవీల చూపిస్తున్రు గద! మస్తు ఎర్రగున్నది."

"ఆ చంద్రుడే ఈడ నెత్తిమీద ఉన్నడు. వచ్చి చూడుండ్రి."

"అది అసలుది సారూ, దోషం తగుల్తది. టీవీలదానికి ఏం గాదు."

కిటికీ మూసికొనెను. శాస్త్రమునకు సమాధానము చెప్పవచ్చునుగాని ఈ సూత్రమునకు నావద్ద సమాధానము లేదు; ఉన్నను అది చెప్పుటకు నేనును టీవీలోనికి ఎక్కవలెను. మరునాటి యుదయమున రోకలి నేలనుండెను. అది గ్రహణము విడిచి పడినదో, ఆ యింటి పిల్లి తాకి పడినదో ఎవరును విచారింపలేదు.

మన యాకాశమున మొదలునుండి తుదివరకు చూడదగిన సంపూర్ణ చంద్రగ్రహణము మరల 2028 డిసెంబరు 31న, రాత్రి పదిగంటల ప్రాంతమున నిండుగా పట్టును. ఆ రాత్రి గ్రహణము విడుచువరకు మంచినీరు ముట్టరాదను నియమమును మా వీధి మగవారు, మంచినీటి మట్టుకు, అక్షరాలా పాటింతురని నాకు పూర్తి నమ్మకము కలదు.